ఏ కొండకు పోదాం?

మార్చి నెల చివరి వారం వచ్చిందంటే మా వంటింటి బల్ల మీద పళ్ళేలకు చోటుండదు. బల్లంతా పటాలు పరచి ఉంటాయి. పచ్చరంగు వేసింది అటవీశాఖ భూమి, పసుపురంగు ప్రభుత్వపు బీడు, తెల్లగా వదిలేసింది సొంతదారుల పట్టా. వాటి మీద పెన్సిలు గీతలు, నీళ్ళగుంటల దగ్గర సున్నాలు, అంచుల్లో అంకెలు. "ఈ పటాలు తీస్తే గదా సంగటి పెట్టేది" అని మా ఆవిడ ప్రతి ఏడూ అంటుంది. నేను ఒక మూల మడుస్తాను. ఆమె ఆ మూలలోనే పళ్ళెం పెడుతుంది.

నేను హోసూరు పక్క దేన్కనికోట తాలూకాలో పుట్టినవాణ్ణి. హోసూరు సిప్‌కాట్‌లో టూల్‌రూము పని నేర్చుకొని, 2003లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి వచ్చాను. ఇక్కడ నాకు అంటుకున్న అలవాటు ఒకటుంది. సెప్టెంబరు నెలలో విల్లు పట్టుకొని కొండలెక్కి ఎల్క్ వేటకు పోవడం. ఈ మాట చెబితే మనవాళ్ళు రెండు రకాలుగా చూస్తారు. కొందరు ఏదో రాచరికపు విలాసం అనుకుంటారు. కొందరు పాపం అనుకుంటారు. రెండూ కాదని వాదించను. ఒక సంవత్సరం ఏ కొండకు పోవాలో తేల్చుకోలేక నేను పడిన యాతన మాత్రం చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందు ఎల్క్ అంటే ఏమిటో చెప్పాలి. మన కణుజును చూసినవాళ్ళకు పోలిక సులువు. కణుజు కన్నా పెద్దది, మెడ చుట్టూ ముదురు జూలు, వెనకభాగం తెల్లగా ఉంటుంది. పోతు 300 కిలోలు దాటుతుంది. ఏటా వసంతంలో కొమ్ములు రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. తమాషా ఏమంటే, వెనకటి తెల్లదొరలు దక్షిణాదిలోనూ సింహళంలోనూ మన కణుజునే 'ఎల్క్' అని రాసుకున్నారు. మా తాత కాలంలో మా ఊరివాళ్ళు మేలగిరి కొండల్లో కణుజు వేటకు పోయేవారట. ఆ రోజులు ఎప్పుడో పోయాయి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1991లో దాన్ని సవరించి వేటను పూర్తిగా మూసేశారు. మూయక తప్పని పరిస్థితి వచ్చింది కాబట్టే మూశారు.

కొలరాడోలో కూడా ఒకప్పుడు అంత పనీ అయింది. గనుల కూలీలకు మాంసం అమ్మేవాళ్ళు కొట్టి కొట్టి, 1910 నాటికి రాష్ట్రం మొత్తం మీద వెయ్యి ఎల్క్ కూడా మిగలలేదు. వేట ఆపారు. పక్కనున్న వయోమింగ్ నుంచి కొన్నిటిని రైలు పెట్టెల్లో తెచ్చి వదిలారు. ఇప్పుడు రెండున్నర లక్షలకు పైగానే ఉన్నాయి. తుపాకులు, విల్లంబులు కొన్నప్పుడు కట్టే పన్నులోంచి, లైసెన్సు రుసుములోంచి ఈ పోషణ నడుస్తుంది. తుపాకుల మీద పన్ను చట్టం 1937 నాటిది, విల్లంబులను అందులో చేర్చింది 1972లో. మన దగ్గర వేట మూసే చట్టం వచ్చిన ఏడే అక్కడ విల్లు మీద పన్ను వచ్చిందన్నమాట. వేటాడిన మాంసం అమ్మడం నేరం. తినదగిన మాంసం అడవిలో వదిలేసి రావడం కూడా నేరమే.

ఇక లైసెన్సు సంగతి. రాష్ట్రాన్ని వేట మండలాలుగా విభజించి ఒక్కోదానికి అంకె ఇచ్చారు. వాటిని యూనిట్లంటారు. కొన్ని యూనిట్లలో ఈ రాష్ట్రం మనిషి అంగడికి పోయి విల్లువేట లైసెన్సు కొనుక్కోవచ్చు. మందలు తక్కువున్న చోటా, పెద్ద కొమ్ముల పోతులను పెరగనివ్వాలనుకున్న చోటా ఇన్నే అని లెక్కపెట్టి ఇస్తారు. దానికి ఏప్రిల్ మొదటి వారంలోగా అర్జీ పెట్టాలి. అడిగింది రాకపోతే ఆ ఏటికి ఒక పాయింటు వేస్తారు. పాయింట్లు ఎక్కువున్నవాడికి ముందు. రేషను వరుసలాంటిదే, ఒక్కో అడుగుకు ఒక్కో సంవత్సరం పడుతుంది. వచ్చిందా, కూడబెట్టినదంతా సున్నా. మళ్ళీ మొదటినుంచి.

ఈ వరుసలో ఒక చిక్కుంది. ఉదాహరణకు ఒక చోట పది లైసెన్సులే ఉన్నాయనుకోండి, వరుసలో రెండు వందలమంది ఉన్నారనుకోండి. ఏటా పదిమంది తగ్గుతారు, వెనక పాతికమంది చేరతారు. నిరుడు 15 పాయింట్లకు వచ్చింది ఈ ఏడు 16కు గాని రాదు. మనకూ ఒక పాయింటు పెరిగింది, దానికీ ఒకటి పెరిగింది. అరికాళ్ళు అరిగేదాకా నడిచినా ఎండమావి అంతే దూరంలో ఉన్నట్టు.

నాకు విల్లు నేర్పింది మా పక్కింటి పెద్దాయన. 1946లో పుట్టాడు. కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్ పనిచేసి రిటైరయ్యాడు. 2007లో ఒక సాయంత్రం ఆయన దొడ్లో బాణాలు వేస్తుంటే కంచె మీదుగా చూస్తూ నిలబడ్డాను. ఆ విల్లు కాళహస్తి తిన్నడి విల్లులాంటిది కాదు. రెండు కొసలకూ ఇరుసు తప్పిన చక్రాలుంటాయి. 60 పౌన్ల బలంతో లాగితే, చివరికొచ్చేసరికి 12 పౌన్లే చేతిమీద ఉంటుంది. టూల్‌రూము మనిషిని కాబట్టి ఆ చక్రాల కోత చూసి ముచ్చటపడ్డాను. "పట్టి చూడు" అన్నాడు. అంతే.

1949లో గాని ఆ తరువాత గాని పుట్టిన ఎవరైనా వేటకు ముందు శిక్షణ తరగతికి పోయి పరీక్ష పాసు కావాలని ఇక్కడ చట్టం. పన్నెండేళ్ళ పిల్లల మధ్య నలభై ఏళ్ళవాణ్ణి కూర్చొని పాసయ్యాను. 2008లో మొదటి అర్జీ పెట్టాను. పెద్దాయన 2001 నుంచీ కూడబెడుతున్నాడు. ఇద్దరం ఏటా పాయింటు వేయించుకొని, అందరికీ తెరిచిన యూనిట్లలో తిరిగి వచ్చేవాళ్ళం. అక్కడ ఎల్క్ కన్నా వేటగాళ్ళే ఎక్కువ కనబడతారు. చాలా ఏళ్ళు ఉత్త చేతులతోనే వచ్చాం. 2022 మార్చి నాటికి నాకు 14, ఆయనకు 21.

ఆ మార్చిలో మా బల్ల మీద మూడు పటాలుండేవి.

మొదటిది రాష్ట్రపు వాయవ్య మూల. 1, 2, 10, 201 అనే యూనిట్లు. యూటా సరిహద్దు దాకా సేజ్ పొదలు, జూనిపర్ చెట్లు, ఎండిన లోయలు. కొమ్ముల పేరు చెబితే అందరూ మొదట తలచుకునేది వాటినే. అక్కడికి ఇరవై పైచిలుకు పాయింట్లు కావాలి. పెద్దాయన కల అదే. ప్రతి ఏడూ ఒకటో రెండో తక్కువపడేది. "వచ్చే ఏడు" అనేవాడు.

రెండోది 76. రియో గ్రాండే నది పుట్టే చోటు, క్రీడ్ అనే పాత వెండిగనుల ఊరికి పైన. చెట్లు మొలవని ఎత్తుదాకా కొండలు. చూస్తే మతిపోతుంది గాని, ఒంట్లో ఊపిరి ఉండాలి. మధ్యాహ్నమైతే పిడుగులు, సెప్టెంబరులోనే మంచు. అక్కడి స్ప్రూస్ చెట్లను పురుగు తొలిచి అడవులకడవులే నిలువునా చంపింది. 2013లో పెద్ద కార్చిచ్చు వచ్చి కొంత కాల్చింది. కాలినచోట గడ్డి మొలిచి ఎల్క్ చేరాయి, నిజమే. కాని ఆ మొడ్డుల కింద గుడారం వేసుకొని పడుకుంటే, గాలి వచ్చిన రాత్రి ఏది ఎప్పుడు కూలుతుందో తెలియదు. అక్కడికి నా 14 చాలు, మిగులుతాయి కూడా.

మూడోది 61. అన్‌కంపాగ్రే పీఠభూమి పడమటి వాలు. పైన తొమ్మిది, పదివేల అడుగుల ఎత్తులో బల్లపరుపు. ఆస్పెన్ తోపులు, ఓక్ పొదలు, పశువుల కోసం తవ్విన నీళ్ళగుంటలు. బండి పోయే మట్టిబాటలున్నాయి. మోకాళ్ళు అరిగినవాడు కూడా గుంట పక్కన మాటు వేసుకొని కూర్చోవచ్చు. పాత పట్టికలు చూస్తే నా 14 సరిగ్గా అంచు మీద ఉన్నాయి.

నా మనసు మూడోదాని మీద ఉంది. ఒక్కణ్ణే కాదు, పెద్దాయనతో కలిసి పోవాలని. అక్కడే వచ్చింది చిక్కు. ఇద్దరు కలిసి ఒకే అర్జీ పెడితే, ఇద్దరిలో ఎవరికి పాయింట్లు తక్కువో ఆ అంకెనే ఇద్దరికీ లెక్క వేస్తారు. అంటే ఆయన 21 నా 14 అయిపోతాయి. లైసెన్సు వస్తే ఆయన మొత్తం పోగొట్టుకుంటాడు. ఇరవై ఒక్క ఏళ్ళు కూడబెట్టిన రూపాయిని పద్నాలుగణాలకు మార్చుకోమని అడగడమే అది.

అడిగాను. ఆయన మోకాలు అప్పటికే ఆపరేషను కావాలంటున్నారు. 60 పౌన్ల విల్లు లాగే మనిషి 45కు దిగాడు. ఎల్క్‌కు చట్టం ప్రకారం 35 చాలు గాని, ఏటికేడు దిగుతున్న అంకె అది. ఈ మాటలు నేను అనలేదు. కాని నేను అనుకుంటున్నట్టు ఆయనకు తెలిసిపోయింది. పటం మీదినుంచి చెయ్యి తీసేసి, "నా పని అయిపోయిందని నువ్వే తేల్చేశావా?" అన్నాడు. టోపీ పెట్టుకొని వెళ్ళిపోయాడు. కాఫీ సగం గ్లాసులోనే ఉండిపోయింది.

వారం రోజులు మాటల్లేవు. ఆ వారంలో నన్ను నేను బాగానే తిట్టుకున్నాను. ఆయన మంచి కోసమే అడిగానా? నాకు ఆ పీఠభూమి తెలియదు. ఆయన లైన్‌మన్‌గా ఆ చుట్టుపక్కలంతా తిరిగిన మనిషి. పక్కన ఆయనుంటే నాకు లాభం. ఆయన వయసు పేరుచెప్పి నా స్వార్థం చూసుకుంటున్నానేమో. ఒక్కణ్ణే 76కు పోతే పీడా వదిలిపోతుంది. ఆయన కల ఆయనది.

పడుకుంటే మా అమ్మ జ్ఞాపకం వచ్చేది.

నా ఉద్యోగంలో వాడని సెలవులు కొంతవరకు పోగవుతాయి. అమ్మ ఫోనులో ఎప్పుడూ ఒకటే అడిగేది: "ఎప్పుడొస్తావురా నాయనా, రెండు దినాలు గాకుండా నాలుగు దినాలుండేటట్టు?" పది రోజుల కోసం అంత దూరం రావడమెందుకు, పోగుచేసుకొని ఒకేసారి రెండు నెలలు వస్తానని చెప్పేవాణ్ణి. లెక్క తప్పు కాదు. కాగితం మీద ఇప్పటికీ సరైన లెక్కే. రాగులు కోసే కాలానికి వచ్చి, సంక్రాంతి చూసుకొని, అమ్మను కాళహస్తికి తీసుకుపోవాలని. 2017 ఫిబ్రవరిలో ఫోను వచ్చింది. నేను చేరేసరికి మూడో రోజు. నా ఖాతాలో అప్పుడు నలభై ఏడు రోజుల సెలవు ఉంది.

ఈ సంగతి పెద్దాయనకు తెలుసు. ఆయనే నన్ను విమానాశ్రయానికి దింపాడు. దాన్నే మళ్ళీ ఎత్తి చూపి ఆయనను ఒప్పించడం నీచమనిపించింది. చెప్పలేదు. పటాలు మడిచి అలమరలో పెట్టేశాను. మా ఆవిడ, "ఏమి, ఈ ఏడు త్వరగా తేలిపోయిందే" అంది.

ఏప్రిల్ 2న పొద్దున్నే తలుపు కొట్టాడు. లోపలికి వచ్చి, బల్ల ఖాళీగా ఉండడం చూసి, "పటాలేవి?" అన్నాడు. తెచ్చాను. 61 పటం విప్పి, పెన్సిలు తీసి, "ఇదిగో ఇది ఆగస్టుకే ఎండిపోతుంది, దీన్ని నమ్మొద్దు. ఇది ఊటగుంట. ఎండదు" అంటూ నా సున్నాలు రెండు కొట్టేసి కొత్తవి మూడు పెట్టాడు. నేను ఉండబట్టలేక, విడివిడిగా అర్జీ పెడదామన్నాను. ఆయన 21కి 61 ఖాయంగా వస్తుంది, నా 14కు వస్తే వస్తుంది లేకపోతే లేదు. కలిపి పెడితే ఆయన కూడా అంచు మీదికి వస్తాడు, ఇద్దరికీ రాకపోవచ్చు. "నీకు రాకపోతే నేనొక్కణ్ణే ఆ గుంట పక్కన కూర్చొని ఏం చెయ్యను? వస్తే ఇద్దరికీ, లేకపోతే ఎవరికీ వద్దు" అన్నాడు. వారం రోజులు ఏమాలోచించాడో చెప్పలేదు. నేనూ అడగలేదు.

మే నెలాఖరులో ఫలితం వచ్చింది. ఇద్దరికీ వచ్చింది. ఆయన ఫోను చేసి, "ఇప్పుడు నాకు సున్నా" అన్నాడు. గొంతులో సంతోషమో దిగులో నాకు అంతుపట్టలేదు.

ఆ ఏడు విల్లువేట సెప్టెంబరు 2 నుంచి 30 దాకా. నెల మొదట్లో ఎండ ఎక్కువ, ఎల్క్ నీళ్ళకు తప్పకుండా వస్తాయి గాని నోరు విప్పవు. నెలాఖరుకు జత కట్టే కాలం ముదిరి పోతులు కూస్తాయి. 10వ తేదీ పున్నమి. పున్నమి రాత్రుళ్ళు మేసి పగలు నీడన పడుకుంటాయని వేటగాళ్ళ నమ్మకం. కాబట్టి అమావాస్య వైపే మొగ్గి, 17న బయలుదేరి గుడారం వేశాం.

అన్‌కంపాగ్రే అనేది యూట్ జాతివాళ్ళ మాట. ఆ కొండలన్నీ వాళ్ళవే. 1881లో సైన్యాన్ని పెట్టి వాళ్ళను యూటాకు తోలేశారు. మనుషుల్ని తోలేసి పేరు మాత్రం ఉంచుకున్నారు. ఆ పేరు నోట పట్టక చాలామంది తెల్లవాళ్ళే తడబడతారు. హోసూరు తెలుగువాణ్ణి నాకు ఆ సంగతి కాస్త గుచ్చుకుంటుంది. మన ఊళ్ళ పేర్లు ఏ బోర్డు మీద ఏ లిపిలో ఉన్నా, వాటిని మన మాటలో పిలిచే మనుషులం ఇంకా అక్కడే ఉన్నాం. అది చిన్న అదృష్టం కాదు.

విల్లువేటలో సగం పని గాలితోనే. ఎల్క్ కంటికి దొరక్కుండా తప్పించుకోవచ్చు, ముక్కుకు దొరికామా, అంతే సంగతులు. పొద్దున చల్లగాలి కొండ మీదినుంచి కిందికి జారుతుంది. ఎండెక్కాక లోయలోంచి పైకి లేస్తుంది. పొద్దు వాలగానే మళ్ళీ కిందికి తిరుగుతుంది. ఆ తిరిగే గడియే ప్రమాదం. ఇరవై, ముప్పై గజాల దూరానికి చేరితే గాని బాణం వెయ్యకూడదు. పోతు కూత మొదటిసారి విన్నవాడు అది జంతువంటే నమ్మడు. కింద బొంగురుగా మొదలై, పిల్లనగ్రోవి తారస్థాయికి ఎక్కినట్టు సన్నగా సాగి, చివర రెండు మూడు గురకలతో ఆగుతుంది. అంత పెద్ద ఒంట్లోంచి అంత సన్నని గొంతు.

పెద్దాయన ప్రతి సాయంత్రం ఊటగుంట దగ్గర మాటులో కూర్చునేవాడు. నేను ఆస్పెన్ తోపుల్లో తిరిగేవాణ్ణి. 21వ తేదీ రాత్రి గుడారానికి వచ్చి పొయ్యి ముందు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. ఒక్కో కొమ్ముకు ఆరేసి శాఖలున్న పోతు వచ్చిందట. ముప్పై గజాలు. విల్లు లాగి పట్టాడు. అది నేరుగా ఆయనకు ఎదురుగా నిలబడింది, రొమ్ము చూపిస్తూ. పక్కకు తిరుగుతుందేమోనని చెయ్యి వణికేదాకా పట్టి, మెల్లగా దించాడు. అది నీళ్ళు తాగింది. గాలి తిరిగింది. తల ఎత్తి ఒక్క దూకు దూకి పోయింది.

"కొట్టి ఉండవచ్చు గదా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఎదురురొమ్ము మీద బాణం వెయ్యకూడదు. ఎముక అడ్డం వస్తుంది. గాయపడి పోయి ఎక్కడో మూడు రోజులకు చస్తుంది. నీకు మొదటి రోజే చెప్పాను" అన్నాడు.

ఇరవై ఒక్క ఏళ్ళు కాచుకున్న మనిషి ఆ మాట అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

24న పొద్దున, ఎండ ఇంకా తోపులోకి రాకముందు, నాకు ఒక కుర్రపోతు దొరికింది. ఒక్కో కొమ్ముకు అయిదు శాఖలు. ఇరవై ఆరు గజాల దూరంలో పక్కకు తిరిగి గడ్డి మేస్తోంది. బాణం ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోయింది. కదలకుండా అరగంట కూర్చోవాలని నియమం. కూర్చున్నాను. ఆ అరగంట గర్వం లేదు, సంతోషమూ లేదు. కడుపులో ఖాళీగా ఉంటుంది. తరువాత నెత్తురు జాడ పట్టి పోతే నూట ఇరవై అడుగుల్లోనే పడి ఉంది. ఇంకా వెచ్చగా ఉంది. తల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఏమనాలో తెలియలేదు. మా ఊళ్ళో పొట్టేలును కోసినప్పుడు పెద్దవాళ్ళు అనే మాటే నోటికి వచ్చింది: "తప్పైతే మన్నించు."

లైసెన్సు చీటీ కట్టి, మాంసం నాలుగు భాగాలు చేసి గోతాల్లో మోశాను. బండికి రెండు కిలోమీటర్లు, అయిదు విడతలు. పెద్దాయన మోకాలితో మొయ్యలేకపోయినా, ప్రతి విడతకూ బాట దగ్గర నీళ్ళసీసా పట్టుకొని నిలబడ్డాడు.

మర్నాడు 25. మహాలయ అమావాస్య. మా వైపు పెద్దల అమావాస్య అంటారు. మా ఇళ్ళలో ఆ రోజు కొత్తబట్టలు, మాంసం, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి పెద్దలకు పెట్టి తరువాత మనం తింటాం. అడవిలో ఉన్న నాకు ముందు గుర్తే లేదు. పొద్దున కాలేజం కోసి, ఉప్పు, మిరియాలు వేసి పెనం మీద వేయిస్తుంటే తట్టింది. ఒక ముక్క తీసి ఆస్పెన్ ఆకులో పెట్టి, ఒక రాయి మీద ఉంచి దండం పెట్టుకున్నాను. అమ్మకు కాలేజం ఇష్టం. పెద్దాయన చూస్తూ, "ఎవరికి?" అన్నాడు. చెప్పాను. టోపీ తీసి కాసేపు పట్టుకొని, తన పళ్ళెంలోంచి ఇంకో ముక్క తీసి దాని పక్కన పెట్టాడు. ఎవరికని నేను అడగలేదు. కాసేపటికి ఒక బూడిదరంగు పక్షి వచ్చి రెండూ ఎత్తుకుపోయింది. మన ఊళ్ళో అయితే కాకి రాలేదని ఎంత కంగారుపడతామో గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఎల్క్ మాంసంలో కొవ్వు ఉండదు. మనవాళ్ళ పద్ధతిలో నూనె కాస్త ఎక్కువ పోసి, కొబ్బరి, గసాలు నూరి వేసి, సన్నని మంట మీద ఉడకనిస్తే గాని లొంగదు. ఆ చలికాలమంతా ఆదివారం పూట పెద్దాయన మా ఇంట్లోనే. మొదటిసారి రాగిసంగటిని నమిలాడు. నమలకూడదు, మింగాలని మా ఆవిడ నేర్పింది. ఇప్పుడు మాకంటే బాగా మింగుతాడు.

ఆ 21 పాయింట్లు నేను చౌకగా అమ్మించానా అనే అనుమానం నాకు పూర్తిగా పోలేదు. ఆయన ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టి ఉంటే వాయవ్యపు మూలకు చేరేవాడేమో. లేదా ఆ అంకె ఇంకో రెండు ముందుకు జరిగి ఉండేదేమో. ఆయన ఆ పోతు సంగతి మాత్రం అప్పుడప్పుడూ చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ ముప్పై గజాలే అంటాడు, ఒక గజం తగ్గించడు. కొట్టని పోతును అంత కచ్చితంగా గుర్తుపెట్టుకున్న మనిషికి నష్టం జరిగిందో లేదో తేల్చడం నా వల్ల కాదు.

2023లో ఆయనకు మోకాలు మార్చారు. ఊతకర్ర పారేసి నడుస్తున్నాడు. ఏప్రిల్ వచ్చేసరికి మళ్ళీ అర్జీ పెట్టడం మానలేదు. 2025 నాటికి ఆయన వయసు 79, పాయింట్లు 3. నావీ 3. ఇప్పుడు కలిపి పెట్టినా విడిగా పెట్టినా ఎవరికీ నష్టం లేదు. మూడు పాయింట్లతో ఏ కొండ వస్తుందో చూద్దామని పటాలు పట్టుకొని వచ్చాడు. నేను కూడా సెలవులు కూడబెట్టడం మానేశాను. ఏటా రాగికోతకు మా ఊరికి పోయి వస్తున్నాను, పది రోజులకైనా సరే.